కన్ను మూసిన రిసీవర్

"మన పిల్ల బతికున్నదో సచ్చిపోయిందో నాలుగు రోజుల నుంచి తెల్వది," అన్నాడు ఓంప్రకాశ్. "తెలుసుకునే సామాను చెడిపోయింది. పోయి బాగు చెయ్."

కరీంనగర్‌లో సోలార్ వాటర్ హీటర్ల సర్వీస్ సెంటర్ అని బోర్డు పెట్టుకున్న ఆ మేడ మీద ఇంతవరకు ఒక్క హీటరూ బాగుపడిన పాపాన పోలేదు. అది గూఢచార శాఖ ఆఫీసు. ఓంప్రకాశ్ దానికి చీఫ్. ఎదురుగా నిలబడ్డ అవేజ్ దానికి ఉన్న ఏజెంట్లలో పనికొచ్చేవాడు.

"సామాను అంటే ఏంది సార్?"

ఓంప్రకాశ్ ఒక ఫొటో తోశాడు. అగ్గిపెట్టెలో సగం ఉన్న నల్ల ప్లాస్టిక్ డబ్బా, దానికొక వైరు.

"యూఎస్‌బీ ఐఆర్ రిసీవర్. టీవీకి కంప్యూటర్ తగిలించుకొని రిమోట్‌తోని సినిమాలు మారుస్తరు చూడు, గా రిమోట్ మాట వినేది గిదే."

అవేజ్ భుజంలో రెండేళ్ల కిందటి బుల్లెట్ ముక్క ఒకటి ఇంకా ఉంది. అలాంటివాణ్ని రిమోట్ రిపేరుకు పంపుతున్నారంటే నవ్వాలో ఏడవాలో అతనికి తోచలేదు. ఓంప్రకాశ్ రెండో ఫొటో పెట్టాక నవ్వు సంగతి మరిచిపోయాడు.

భవ్యశ్రీ. నెమలి రంగు పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్, కెమెరానే కంగారు పెట్టే చూపు. లోకల్ కేబుల్ చానెల్‌లో యాంకర్. ఎనిమిది నెలల కింద ఒక విదేశీ ముఠా ఆమెను కొనుక్కుంది. కొనుక్కున్న సాయంత్రమే ఆమె వచ్చి ఇదే టేబుల్ ముందు కూర్చుంది. అప్పటినుంచి ముఠాకు ఆమె మోసుకెళ్లే రహస్యాలన్నీ ఓంప్రకాశ్ వండినవే. డబుల్ ఏజెంట్ అంటే అదీ. రెండు పడవల్లో కాళ్లు, కింద ముసళ్లు.

"ముఠా నాయకుడు హాల్డెన్. పత్తి నాణ్యత చూసే ఎక్స్‌పర్ట్‌నని వచ్చిండు. నాలుగు నెలల కింద ఆదిలాబాద్‌ల ఇల్లు కిరాయికి తీసుకొని, ఆ పిల్లను గూడ అందులనే పెట్టుకున్నడు. వాని దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉన్నది. అది కరెంటు సబ్‌స్టేషన్ కంప్యూటర్‌ల గుచ్చితే ఇక్కడికెళ్లి చెన్నై దాకా చీకటే. దవాఖానలతో సహా."

"ఇంట్ల జొరబడి గుంజుకుందాం సార్."

"పెన్‌డ్రైవ్ వాని జేబుల పోదు. ఏదో ఒక బండిల మహారాష్ట్రకు దాటుతది. ఏ బండో ఆ పిల్లకే తెలుస్తది. ఆమె చేతిల ఫోన్ లేదు. ఆ ఇంట్ల ఏ వైర్‌లెస్ కూసినా వాళ్ల స్కానర్ పడతది. స్కానర్‌కు దొరకనిది ఒక్కటే. టీవీ రిమోట్ వెలుతురు."

ఏర్పాటు సులువు. ఎదురిల్లు శాఖ కాపలా పోస్టు. అందులో అంబదాస్ అనే పెద్దాయన, పాత సినిమాల పిచ్చోడిలా, టీవీ కింద మీడియా కంప్యూటర్ పెట్టుకొని ఉంటాడు. దాని రిసీవర్ బాల్కనీ కమ్మీకి అడుగున కట్టి ఉంటుంది. రోజూ సాయంత్రం భవ్యశ్రీ కిటికీ దగ్గర నిలబడి, ఆఫీసు ఇచ్చిన రిమోట్ నొక్కుతుంది. ఒకటి అంటే అంతా బాగు. ఏడు అంటే సరుకు బయల్దేరుతోంది, దాని వెనకే బండి నంబరు నాలుగంకెలు. సున్నా అంటే నన్ను బయటికి తియ్యండి.

"గురువారం దసర. ఆనాటికెళ్లి ఒక్క అంకె కూడ రాలే. హాల్డెన్ ఇయ్యాల సాయంత్రం ఆరు గంటలకు ఇల్లు ఖాళీ చేస్తనని ఓనరుకు చెప్పిండు. చేసేటప్పుడు ఆ పిల్లను ఎంబడి తీస్కపోడు," అన్నాడు ఓంప్రకాశ్.

"సున్నా రాకున్నా తలుపు పగలగొడదాం."

"పోయినసారి అట్లనే పగలగొట్టి, ఢిల్లీ దాకా పోయి మాఫీ అడిగినం. గల్లీ మొగదల పత్తి మిల్లు వ్యాన్‌ల మనోళ్లు ఆరుగురు ఉంటరు. సున్నా వస్తేనే కదులుతరు. సున్నా లేకుంటే నేను సంతకం పెట్ట."

అవేజ్ టోపీ పెట్టుకున్నాడు. ఏదో డిష్ కంపెనీ పేరు వెలిసిపోయిన టీషర్టు తొడుక్కున్నాడు. టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని తొమ్మిదింటికి బండెక్కాడు. జగిత్యాల, నిర్మల్ దాటి, ఘాటు ఎక్కి ఆదిలాబాద్ చేరేసరికి రెండైంది.

*

తలుపు తీసినవాడు అరవైకి దగ్గరపడ్డ బక్కపలచటి మనిషి. భుజం మీద తువ్వాల.

"రిమోట్ పనిచేస్తలేదన్నరట?" అన్నాడు అవేజ్.

"చేస్తలేనిది రిమోట్ కాదు, నా మోకాలు," అన్నాడు అంబదాస్.

అది సంకేతవాక్యం. మోకాలి సంగతి నిజం కూడా. కుంటుకుంటూ లోపలికి దారి తీశాడు. భార్య దేవవ్వ పండుగకని సిరిసిల్లలో చెల్లెలింటికి పోయిందట. ఇల్లు శుభ్రంగా ఉంది. టీవీ కింద కంప్యూటర్ ఉంది. దాని వెనకనుంచి సన్నటి ఎక్స్‌టెన్షన్ కేబుల్ కిటికీ గుండా బాల్కనీలోకి పోయింది.

"సారూ, నాలుగు రోజులాయె. రోజూ ఐదింటికెళ్లి చీకటి పడేదాకా గీ తెర ముంగట్నే కూసున్న. ఒక్క అంకె పడ్తలేదు. అన్నం మింగుడు పడ్తలేదు."

"ఆమె కిటికీల కనిపించిందా కాకా?"

"శనారం దాకా కనిపించింది. చెయ్యి ఆడిచ్చినట్టే ఉన్నది. నిన్న కనిపియ్యలే."

నిన్న కనిపించలేదు. అవేజ్ గడియారం చూశాడు. రెండూ పది. ఆరింటికి నాలుగు గంటలు కూడా లేవు.

బాల్కనీలోకి పోయి రిసీవర్‌ను చేత్తో పట్టుకుని చూడటం అన్నిటికంటే సులువైన పని. అదే చేయకూడని పని కూడా. ఎదురింటి కిటికీ సరిగ్గా ఇరవై అడుగుల్లో ఉంది. దాని తెర వెనక ఎవడో ఒకడు ఎప్పుడూ ఉంటాడు. అందుకని అతను లోపలినుంచే మొదలుపెట్టాడు.

మొదట కంప్యూటర్‌ను అడిగాడు, నీకు తగిలించిన సామానేమిటని. కమాండ్ కొడితే జాబితా వచ్చింది. మౌస్, కీబోర్డు, రిసీవర్. అంటే డబ్బా బతికే ఉంది. పోర్టు మార్చాడు. ఫలితం లేదు. కేబుల్ మార్చాడు. ఫలితం లేదు. అంబదాస్ ఇంటి రిమోట్‌ను ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కాడు. కంటికి కనిపించని వెలుతురు కెమెరాలో ఊదారంగు చుక్కలా మెరిసింది. రిమోట్‌కు రోగం లేదు. ట్యూబ్‌లైట్ ఆర్పి చూశాడు, ఫ్యాన్ ఆపి చూశాడు. డ్రైవర్ తీసి మళ్లీ ఎక్కించాడు. తెర మీద, వచ్చిన అంకెలు రాసుకునే లాగ్ ఖాళీగా ఉంది.

అలా గంటన్నర పోయింది. గూఢచారి బతుకంటే తుపాకులు, కార్లు అనుకునేవాళ్లు ఆ గంటన్నర చూసి ఉంటే నిద్రపోయేవాళ్లు. అవేజ్ టీషర్టు మాత్రం వీపుకు అతుక్కుపోయింది.

చివరికి కిటికీ కింద నేల మీద పడుకుని, కేబుల్‌ను బెత్తెడు బెత్తెడు లాగి, కమ్మీకి కట్టిన ముడి వదులు చేసి, రిసీవర్‌ను లోపలికి రాబట్టాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు.

డబ్బా ముందువైపు గుండ్రటి నల్ల అద్దం ఉంటుంది. వెలుతురు అందులోంచే పోవాలి. ఆ అద్దం నిండా పసుపు, దాని మధ్యలో కుంకుమ. నాలుగు రోజుల ఎండకు గట్టిపడి పెంకు కట్టింది.

అవేజ్ దాన్ని గోటితో గీకి అంబదాస్ కళ్ల ముందు పెట్టాడు. అంబదాస్‌కు భయం వేసింది.

"దసరకు వెట్టిన సారూ. ముప్పై ఏండ్లు సాంచెలు నడిపి బట్ట నేసిన. దసరనాడు మేం సాంచె బందువెట్టి, తుడిచి, బొట్టువెట్టి, తెల్లారేదాకా ముట్టం. తిండి వెట్టే పనిముట్టు గద. ఇప్పుడు సాంచె లేదాయె. నాకు తిండి వెడుతున్నది గిదే. అందుకే కంప్యూటర్‌కు వెట్టిన, దీనికి గూడ వెట్టిన. ఒక దినం ఆర్పి పెట్టి, మల్ల తెల్లారి చాల్ చేసిన."

"కన్ను మీదనే పెట్టినవా కాకా?"

"కన్ను గా ఎర్ర లైటు అనుకున్న సారూ. గీ నల్లది నొసలు అనుకున్న."

తిట్టడానికి అవేజ్ నోరు తెరిచాడు. ఎదుట నిలబడ్డవాడు తాగి పడుకున్నవాడు కాదు, అమ్ముడుపోయినవాడు కాదు. దండం పెట్టుకుని మరీ కళ్లు మూశాడు. అలాంటివాణ్ని ఏమని తిట్టాలి? అవేజ్ చెమ్మగుడ్డ అందుకున్నాడు.

"గీ నాలుగు రోజులల్ల ఆ బిడ్డ మనల్ని పిలిచి ఉంటదా సారూ?"

"తెల్వది కాకా."

అంబదాస్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తువ్వాలతో మొహం కప్పుకున్నాడు.

*

అద్దం తుడిచాక ఎర్ర లైటు మినుకు మినుకుమంది. కానీ తెర మీద అంకెకు బదులు చెత్త పడింది. పండుగనాడు ఆర్పి మళ్లీ వెలిగించినప్పుడు కంప్యూటర్ తన పాత అలవాటుకు పోయి, ఒకే రకం రిమోట్ భాష వింటానని కూర్చుంది. అవేజ్ దానికి అన్ని ప్రోటోకాల్స్ వినమని చెప్పాడు. వచ్చింది వచ్చినట్టు లాగ్‌లో రాయమన్నాడు. రిసీవర్‌ను మళ్లీ నేల మీద పాకుతూ కమ్మీకి చేర్చాడు.

అదంతా అయ్యేసరికి అయిదూ ఇరవై.

అయిదూ ముప్పై ఒకటికి తెర మీద ఒకటి పడింది. మళ్లీ ఒకటి. అంతా బాగు.

"వచ్చింది!" అని అంబదాస్ లేచి చేతులెత్తి మొక్కాడు. "మంచిగున్నది బిడ్డ. మంచిగున్నది."

అవేజ్ మొక్కలేదు. లాగ్‌నే చూస్తున్నాడు.

రిమోట్ ఏ బటన్ నొక్కినా వెలుతురులో రెండు ముక్కలు వెళ్తాయి. మొదటిది ఆ రిమోట్ ఏ కంపెనీది, ఏ సామానుదనే గుర్తు. రెండోది బటన్. మనుషులకు ఇంటిపేరు, పేరు ఉన్నట్టే. బటన్ ఒకటే. కానీ ఇంటిపేరు భవ్యశ్రీకి ఇచ్చిన రిమోట్‌ది కాదు. ఏదో పెద్ద టీవీది.

ఫోన్లో ఓంప్రకాశ్‌కు అంతా చెప్పాడు.

"ఒకటి అంటే బాగు అని ఆమెకు, మనకు తప్ప ఎవరికీ తెల్వది," అన్నాడు ఓంప్రకాశ్. "అంటే ఆమెనే చెప్పింది. అమ్ముడుపోయింది అవేజ్. నాకు మొదటి నుంచి అనుమానమే. పోస్టు మూసి బయటికి రా."

"వాళ్లు కొడితే చెప్పి ఉండొచ్చు. అంకె చెప్పింది సార్, ఏ రిమోటో చెప్పలే. కావాల్నని తప్పుడు రిమోట్ వాళ్ల చేతిల పెట్టింది. మనం ఇంటిపేరు చూస్తమని ఆమెకు తెలుసు."

"అది నీ ఊహ."

"సార్, ఆమె ఇంకా లోపలనే ఉన్నది."

"సున్నా తీస్కరా. సంతకం పెడత."

ఫోన్ పెట్టేశాడు. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ల ధైర్యం ఎప్పుడూ కాగితం అంత మందమే ఉంటుంది. అయినా ఓంప్రకాశ్ చెడ్డవాడేం కాదు, ఒకసారి కాలినవాడు.

అవేజ్ మళ్లీ లాగ్ మీదికి వంగాడు. రెండు ఒకట్ల తర్వాత కొన్ని విరిగిన వరసలున్నాయి. సగం వచ్చి ఆగిపోయినవి, తల ఉండి తోక లేనివి. వాటి మొదటి ముక్క చూసి అతను తెరకు ఇంకా దగ్గరగా జరిగాడు. భవ్యశ్రీ రిమోట్ ఇంటిపేరు.

"కాకా, ఆ ఇంటికి గల్లీ దిక్కు కిటికీ కాకుండ ఇంకేమన్న సందు ఉన్నదా?"

అంబదాస్ ఆలోచించాడు. "పక్క సందుల బాత్రూం వెంటిలేటర్ ఉన్నది. దానికి ఎదురుగ పక్కింటోని గోడ. మొన్ననే సున్నం ఏసిండ్రు, తెల్లగ."

అర్థమైంది. ఆమెను బాత్రూంలో పెట్టి గొళ్లెం వేశారు. రిమోట్ ఆమె దగ్గరే ఉంది. వెంటిలేటర్ గుండా తెల్లగోడ మీదికి కొడుతోంది. గోడకు తగిలి తిరిగొచ్చిన వెలుతురు రిసీవర్‌కు కొంచెంగా అందుతోంది. పూర్తిగా అందకపోవడానికి కారణం పడమటి ఎండ. ఎండలోనూ అదే కనిపించని వెలుతురు ఉంటుంది. ఆ హోరులో బక్క సిగ్నల్ మునిగిపోతోంది. ఎండ పోయేదాకా ఆగితే ఆరు దాటుతుంది. ఆరు దాటితే ఆమె ఉండదు.

"రిసీవర్‌ను బాల్కనీ తూర్పు మూలకు తిప్పాలె. దాని మీద ఎండ పడకుండ నీడ పట్టాలె. ఏమన్న అడ్డం కడదాం," అన్నాడు అవేజ్.

"కడితే ఎండ జరుగుతుంటది, నీడ ఉండది. పట్టుకొని జరపాలె." అంబదాస్ అప్పటికే దండెం మీది దుప్పటి తీశాడు. "నేను పట్టుకుంట."

"వాళ్లు చూస్తరు కాకా. నేను పోత."

"నువ్వు పోతే అంకెలు ఎవరు చదువుతరు? నాకు గా తెర మీద గీతలు తెలుస్తయా? ముసలోడు దుప్పటి ఆరేస్తుండు అనుకుంటరు, ఫికర్ చెయ్యకు." తలుపు దగ్గర ఆగాడు. "బొట్టు వెట్టినోన్ని నేను బిడ్డా. గింతసేపు నిలబడనియ్యి."

అవేజ్ ఆపలేదు. ఆపి ఉండాల్సిందా అని ఆ తర్వాత చాలా రోజులు తనను తాను అడుగుతూనే ఉన్నాడు.

*

అయిదూ నలభై ఎనిమిది. అంబదాస్ బాల్కనీలోకి పోయి దుప్పటి దులిపాడు. పనిలో పనిగా రిసీవర్‌ను కాలితో తూర్పుకు తిప్పాడు. దుప్పటిని రెండు చేతులా చాచి, పడమర వైపు నిలబడ్డాడు. నీడ సరిగ్గా డబ్బా మీద పడింది. ముప్పై ఏళ్లు పోగు తెగకుండా చూసుకున్న చేతులవి, వణకలేదు.

లాగ్‌లో గీతలు చిక్కబడ్డాయి. తల, తోక రెండూ ఉన్న వరస వచ్చింది.

ఏడు.

"వస్తున్నది కాకా. కదలకు."

నాలుగు. చాలాసేపటికి ఒకటి. ఆమె ఒక్కో అంకెనూ నాలుగైదుసార్లు నొక్కుతోంది. ఏదో ఒకటి చేరకపోదా అన్న ఆశ తెలుస్తోంది.

ఎదురింటి కిటికీ తెర కదిలింది. హాల్డెన్‌కు కుడిభుజంలాంటి నాగరాజు అక్కడ నిలబడ్డాడు. మోటు మనిషే కానీ తెలివి తక్కువవాడు కాదు. ఆరబెట్టే దుప్పటిని దండెం మీద వేస్తారు గానీ పది నిమిషాలు చేతులతో పట్టుకు నిలబడరు. ముసలాయన్ను చూశాడు, ఆయన కాళ్ల దగ్గర నల్ల డబ్బాను చూశాడు, తిరిగి పక్కసందులోని తెల్లగోడను చూశాడు.

చప్పుడు పెద్దగా కాలేదు. ఎవరో తలుపు గట్టిగా వేసినంతే.

దుప్పటి మీద ఎర్రటి మచ్చ విచ్చుకుంది. అంబదాస్ ఒక్క అడుగు తూలాడు. కమ్మీకి నడుం ఆనించుకున్నాడు. చేతులు దించలేదు.

"కాకా! లోపలికి రా!"

"ఎన్ని అంకెలు వచ్చినయ్?"

"రెండే. రా కాకా!"

"నాలుగు కావాలె గద. జర ఆగు."

అవేజ్ లేవబోయాడు. తెర మీద ఎనిమిది పడింది. మళ్లీ ఎనిమిది. లేస్తే తర్వాతి అంకె చూసేవాడు ఉండడు. అతను లేవలేదు. తెరనే చూశాడు, కళ్లలో నీళ్లు తిరిగి అంకెలు మసకబారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు.

ఆరు. నలభై ఒకటి ఎనభై ఆరు. బండి నంబరు పూర్తయింది.

ఆ తర్వాతే సున్నా వచ్చింది. సున్నా, సున్నా, సున్నా. దెబ్బలు తిన్న పిల్ల ముందు బండి నంబరు పంపి, తన ప్రాణం సంగతి చివర్న చెప్పింది. ఆమెనే ఓంప్రకాశ్ అమ్ముడుపోయిందన్నాడు.

"వచ్చింది కాకా! అన్నీ వచ్చినయ్!"

అంబదాస్ చేతులు అప్పుడు దించాడు. దుప్పటితో సహా కూలబడ్డాడు.

అవేజ్ ఫోన్లో రెండే మాటలన్నాడు. "సున్నా. నలభై ఒకటి ఎనభై ఆరు." అవతల ఓంప్రకాశ్ ఒక్క ప్రశ్నా వేయలేదు. గల్లీ మొదట్లో వ్యాన్ స్టార్టయిన చప్పుడు వినిపించింది.

నాగరాజు కిటికీలోంచి వెనుదిరిగాడు. ఎటు పోతున్నాడో చెప్పనక్కర్లేదు. బాత్రూం తలుపు అతనికి ఎనిమిది అడుగులు. వ్యాన్ గేటు చేరడానికి ఇంకా అరనిమిషం.

టూల్ బ్యాగులో ఏ టీవీ ఇంటిపేరునైనా నేర్చుకునే రిమోట్ ఒకటుంది. అబద్ధపు ఒకట్లు పంపినప్పుడు వాళ్ల హాల్లోని పెద్ద టీవీ తన ఇంటిపేరు తానే లాగ్‌లో రాసి పెట్టిపోయింది. అవేజ్ దాన్ని రిమోట్‌లోకి ఎక్కించాడు. తెరిచిన కిటికీ వైపు గురిపెట్టి, పవర్ నొక్కాడు, సౌండ్ బటన్ నొక్కి పట్టుకున్నాడు.

ఎదురింటి హాల్లో పత్తి ధరల వార్తలు ఊరంతా వినబడేలా అరిచాయి.

బాత్రూం గొళ్లెం మీద చెయ్యి వేసిన నాగరాజు ఉలిక్కిపడి వెనక్కి ఉరికాడు. హాల్లో ఎవరో చొరబడ్డారనుకుని టీవీని రెండుసార్లు కాల్చాడు. టీవీ చచ్చింది. మూడోసారి కాల్చేలోగా గేటు విరిగింది, తలుపు విరిగింది, ఆరుగురూ అతని మీద పడ్డారు. సూట్‌కేసు సర్దుకుంటున్న హాల్డెన్ మర్యాదగా చేతులెత్తి, తమ ఎంబసీ ఫోన్ నంబరు కంఠతా అప్పజెప్పాడు.

ఆరూ రెండు నిమిషాలకు పెన్‌గంగ వంతెన మీద కాపు కాసిన పోలీసులు నలభై ఒకటి ఎనభై ఆరు నంబరు పాల వ్యాన్‌ను ఆపారు. ముందు చక్రాలు అప్పటికే మహారాష్ట్రలో ఉన్నాయి. పెన్‌డ్రైవ్ స్టెప్నీ టైర్లో దొరికింది.

*

భవ్యశ్రీని బయటికి తెచ్చినప్పుడు ఎవరూ గుర్తుపట్టలేదు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. పెదవి చీలింది. చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన రిమోట్. నాలుగు నెలలుగా దాన్ని ఫ్లష్ ట్యాంకులో దాచిందట. ఇల్లంతా వెతికినవాళ్లు ఆమెను తీసుకుపోయి సరిగ్గా అక్కడే పడేశారు.

"దసరనాడు నా మీద అనుమానం వచ్చింది వాళ్లకు," అంది అవేజ్‌తో. యాంకర్ గొంతు కాదది, బొంగురుపోయింది. "ఆనాడే సున్నా పంపిన అన్నా. తెల్లారి పంపిన. శనారం గూడ కిటికీల నిలబడి పంపిన. ఎవ్వరు రాలే. ఎవ్వరు సూడలేదా?"

బాల్కనీలో అంబదాస్‌ను స్ట్రెచర్ మీదికి ఎత్తుతున్నారు. తొందర పడటం లేదు. తొందర పడాల్సిన అవసరం అప్పటికే తీరిపోయింది.

"సామాను చెడిపోయింది," అన్నాడు అవేజ్.

"ఎట్ల?"

అవేజ్ కళ్లు ఎదురింటి బాల్కనీ మీదికి పోయాయి. ఆమె కూడా తలెత్తి అటు చూసింది.

"దుప్పటి పట్టుకొని నిలబడ్డడని మీవోళ్లు చెప్పిండ్రు, గా పెద్దాయనేనా?"

"అవును."

ఆమె నడవలేని స్థితిలో కూడా రోడ్డు దాటింది. కిందికి దించిన స్ట్రెచర్ పక్కన నిలబడి, ఆయన పాదాలకు చెయ్యి తాకించింది. ఆమెకు ఆయన పేరు తెలియదు. నాలుగు నెలలు రోజూ అంకెలు పంపింది ఆ మనిషికే.

మర్నాడు పొద్దున దేవవ్వ సిరిసిల్ల నుంచి వచ్చింది. ఏడవలేదు. మార్చురీ మెట్ల మీద అవేజ్ చెయ్యి పట్టుకుని ఒక్క మాటే అడిగింది.

"మా ముసలోడు ఏం తప్పు జేసిండని కాల్చిండ్రు బిడ్డా?"

"ఏ తప్పు చెయ్యలేదు అవ్వా."

"నిజం చెప్పు. ఆయనకు గీ మిషన్ల సంగతి ఎరుక లేదు. ఏదన్న ఖరాబు జేసిండా?"

"ఏం ఖరాబు చెయ్యలే. ఆయన లేకపోతే ఆ పిల్ల లేదు."

అందులో అబద్ధం ఏదీ లేదు, నిజం సగమే ఉంది. దేవవ్వ తలూపి అతని చెయ్యి వదిలింది.

*

కరీంనగర్ ఆఫీసులో ప్రతి ఆపరేషన్ తర్వాత ఒక ఫారం నింపాలి. అందులో పదకొండో గడి, పరికరం చెడిపోవడానికి కారణం. దాని కింద మూడు కారణాలు ముందే అచ్చువేసి ఉంటాయి, ఒకదానికి టిక్ కొట్టాలి. తయారీ లోపం. కాపలాదారు తప్పు. ఇతరములు.

అవేజ్ పెన్ను రెండో దాని మీద చాలాసేపు ఆగింది. అది నిజం. ఆ నిజం రాస్తే చనిపోయినవాడి పేరు పక్కన ఆ రెండు మాటలు ఫైలు ఉన్నంతకాలం ఉంటాయి. ఆయన చేతులు దించకుండా నిలబడ్డ పది నిమిషాలకు మాత్రం ఫారంలో గడి లేదు. గడి లేని సంగతి గవర్నమెంటుకు తెలియదు.

మూడో దానికి టిక్ కొట్టి, పక్కన రాశాడు: దుమ్ము.

ఓంప్రకాశ్ కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు.

"నాలుగు రోజులు కన్ను మూసేంత దుమ్మా?"

"ఆదిలాబాద్ సార్. పత్తి బండ్లు మొదలైనయ్."

ఓంప్రకాశ్ అతని మొహంలోకి చూశాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అబద్ధాన్ని వాసన పట్టలేకపోతే ఆ కుర్చీ దొరకదు. పోస్టు మూసి రమ్మన్న తన మాట కూడా ఆ ఫైలులో ఎక్కడో ఉంటుంది. ఆయన సంతకం పెట్టాడు. తర్వాత, మొదటిసారిగా తల దించుకుని అన్నాడు.

"సర్క్యులర్ ఒకటి తయారుచెయ్. అన్ని పోస్టులల్ల రిసీవర్‌ను రోజూ పొద్దున మెత్తటి గుడ్డతోని తుడవాలె అని."

సర్క్యులర్ ఆ సాయంత్రమే వెళ్లింది. అప్పటినుంచి తొమ్మిది పోస్టుల్లో తొమ్మిదిమంది రోజూ పొద్దున్నే లేచి, చాలా శ్రద్ధగా, ఎన్నడూ లేని దుమ్మును దులుపుతున్నారు.